రక్కసుని గురించి ఎంత చెప్పవలెను?

చాందా కోటగోడలకు వెలుపల నేలనంటియున్న మహాశిలావిగ్రహములను చూడని తెలుగు కుటుంబము ఈ పట్టణమున ఉండదనుకొందుము. గోండు రాజుల కాలమున రాయప్ప కోమటి యను శ్రేష్ఠి గొప్ప శివాలయమును తలపెట్టి, ఒక్కొక్క రాతితో ఒక్కొక్క విగ్రహమును చెక్కించి, ఆలయము లేవకముందే కన్నుమూసెనని ఐతిహ్యము. పేరును బట్టియు, ఇంటిపేరువలె అంటియున్న ఆ రెండవ మాటను బట్టియు, ఆయన మనవాడేయని చెప్పుకొనుట మనకు ముచ్చట. ఆ విగ్రహములలో పెద్దది సుమారు 26 అడుగుల పొడవు గలది. దానికి తలలు పది. పది తలలనగానే జనము మరి తడవుకొనక రావణుడనిరి; ఆ పేరే నిలిచిపోయినది.

తరువాత శిల్పలక్షణములు తెలిసినవారు చూచి, అది రావణుడు గాదు, దశముఖ దుర్గయనిరి. దేవీమాహాత్మ్య సంప్రదాయమున మహాకాళికి ముఖములు పది, భుజములు పది, పాదములు పది. రావణునకు తలలెన్నియున్నను కాళ్లు రెండే. ఒక లెక్క తీసి రెండవ లెక్క తీయనందున, మహాకాళి కొలువైయున్న ఈ ఊరిలోనే దేవి రాక్షసుడైనది. ఆ పది తలలైనను అన్నిచోట్ల నిలువవు. సుందరకాండలో నిద్రించుచున్న రావణుని హనుమంతుడు చూచు ఘట్టమున వాల్మీకి రెండు భుజములనే వర్ణించెను. వ్యాఖ్యాతలు దానికి సమాధానము వెదకవలసివచ్చినది.

ఒక భయంకర వ్యక్తిని గూర్చి ఎంత చెప్పిన చాలును, ఎంత తగ్గించిన చెడును అను ప్రశ్న ఇట్లు మన గుమ్మము ముందరనే యున్నది. ఇప్పుడు దీనిని ఎత్తుకొనుటకు కారణము వేరొకటి కలదు. బల్లచుట్టును కూర్చుండి పాచికలతో ఆడు ఒక కథాక్రీడ అమెరికాలో పుట్టి, అన్ని దేశముల యువకులకును చేరినది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు ప్రకటించిన ఈ యాట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒకడు సూత్రధారుడై కథ నడుపును. తక్కినవారు వీరులో మాంత్రికులో యగుదురు. దెబ్బ తగిలినదో లేదో పాచిక తేల్చును. ఎదురుపడు భూతములన్నిటికిని లక్షణపట్టికలుండును. మొదటి పుస్తకములలో ఒక్కొక్క భూతమునకు ఒక్కొక్క వరుస మాత్రమే: ఎందరు కనబడుదురు, కవచబలమెంత, నడకెంత, ప్రాణబలమునకు పాచికలెన్ని, నిధి యే తరగతిది. 1977లో భూతముల కొరకే పెద్ద పుస్తకము వెలువడినది. అందు వరుస పేరాయైనది. 2000 సంవత్సరపు కూర్పున పేరా మరింత పెరిగి, మంత్రముల పేర్లు మాత్రమిచ్చి వాని వివరమును వేరొక పుస్తకమున చూచుకొమ్మనెను. సూత్రధారుడు పుటలు త్రిప్పుచుండగా భూతము నోరు తెరచుకొని నిలుచుండవలెను గదా! 2008 కూర్పున వలసినదంతయు ఒక్క గడిలో ఇమిడ్చిరి. అప్పుడు, అంకెలు మిగిలినవిగాని భూతము కనబడుట లేదని కొందరు వాపోయిరి.

1977 నాటి ఆ పుస్తకమున మన రాక్షసుడును ఉన్నాడు, ఆ పేరుతోనే. పులి తల, దొరల దుస్తులు, చేత పొగగొట్టము; సామాన్యాయుధము తాకదు, చిన్న మంత్రములు పారవు; మతాధికారి ఆశీర్వదించిన విల్లుబాణము తగిలిన మాత్రము చచ్చును. అమెరికా టెలివిజనులో 1974లో ప్రదర్శించిన ఒక కథ దీనికి మూలమని చెప్పుదురు. అశోకవనమున సీతను కాచిన రాక్షసస్త్రీలలో మృగముఖముల వారున్న మాట నిజమే; పొగగొట్టము మాత్రము ఎవరికిని లేదు. దీనికి మేము కోపించుట లేదు. ఆట ఆటయే. కాని మన పిల్లలు మరాఠీ బడిలోనో ఇంగ్లీషు బడిలోనో చదువుచున్నారు. ఇంట తెలుగు మాటలాడుదురేగాని తెలుగు పుస్తకము పట్టువారు తక్కువ. రాక్షసుడను మాటను ఆ పట్టికనుండియే మొదట నేర్చుకొన్న బాలునకు, బకుడును కుంభకర్ణుడును దానికి నకళ్లుగా తోచెదరు. అది చిన్న నష్టము గాదు.

అయినను ఆ బాణము సంగతి మమ్ము ఆకర్షించినది. ఆ వ్రాతలో మన పురాణపద్ధతికి దగ్గరగా వచ్చిన వాక్యము అదొక్కటే. మన పెద్దలు రాక్షసుని బలమును అంకెలలో చెప్పలేదు, వరముగా చెప్పిరి. హిరణ్యకశిపుడు ఇంటిలోను బయటను, పగలును రాత్రియు, నేలను నింగిని, నరునిచేతను మృగముచేతను చావరాదని కోరెను. ఆ వరము వినగానే కథ సగము తెలిసిపోవును. గడప, సందెవేళ, తొడ, నరసింహుడు మిగిలిన సందులలోనుండి తామే వచ్చి నిలుతురు. రావణుడు దేవ గంధర్వ యక్షులనందరిని పేరుపేరున చెప్పి, మనుష్యుని లెక్కచేయక విడిచెను. ఆ విడిచిన మాటయే రామాయణము. రక్తబీజుని గూర్చి తెలియవలసినది, నేలబడిన ప్రతి నెత్తుటిబొట్టు నుండియు మరియొకడు పుట్టుననుట మాత్రమే. అది తెలిసిన కాళి నాలుక చాచెను. బకాసురునకు ఏకచక్రపురమువారు చెల్లించు పన్ను బండెడు అన్నము, రెండు దున్నలు, ఒక మనిషి. ఆకలి, పొగరు, ఊరి దైన్యము ఆ పద్దులోనే కలవు. వాని ఎత్తెంతయని అడిగిన శ్రోతను మేమెరుగము.

ఇంతకంటె క్లుప్తముగా చెప్పినవి మన వైకుంఠపాళి పటములు. పరమపదసోపానమని పిలుచు ఆ పటమున తెలుగునాట వాడుకలోనున్న కూర్పునందు 132 గడులుండును. శివరాత్రి జాగరణకు, ముక్కోటి ఏకాదశికి దానిని పరచుకొని గవ్వలు వేసినవారు మనలో ఇప్పటికిని కలరు. అందు పాముపడగయొద్ద ఒక్క పేరు, అంతే. పై వరుసలదాక ఎక్కినవానిని అడుగునకు దించు పెద్దపాము అరుకాషుడు. వాని కథ పిల్లలకు తెలియదు, పెద్దలలోను చెప్పగలవారు అరుదు. అయినను ఆ పేరు విన్న గుండె దడదడలాడును. ఇచ్చట క్లుప్తత చెల్లుటకు హేతువు స్పష్టము: పాము చేయుపని ఒక్కటే, అది పటముపై గీతగా కనబడుచునే యున్నది. మన పొరుగు మరాఠీవారు ఇట్టి ఆటనే మోక్షపటమనుచు, దానిని జ్ఞానేశ్వరునకు ముడిపెట్టుదురు. 1892లో ఇంగ్లాండున ఎఫ్. హెచ్. ఆయర్స్ దీనికి పేటెంటు పొందెను. ఆ దేశపు పటములందు రాక్షసులు పోయి పిల్లల అల్లరిపనులు వచ్చినవి; కొంతకాలమునకు అవియును పోయి వట్టి పాములు మిగిలినవి. పేరొక్కటి తీసివేసిన భయముకూడ పోవునని తెలిసికొనుటకు ఇంతకంటె దృష్టాంతమక్కరలేదు.

కావున మన యువకులెవరైన మన కథలతో ఇట్టి ఆట కూర్చదలచినచో, వరుసయా పుటయా యని కొలుచుట కంటె, ఆట జరుగునప్పుడు సూత్రధారునకు వేనిని చెప్పవలసివచ్చునో వానిని వ్రాయుట మేలని మా యభిప్రాయము. జరాసంధుని చీలిక తెలియక భీముడెంత చీల్చినను వ్యర్థము. కృష్ణుడు పుల్ల చీల్చి చూపినదే వానికి చాలిన పట్టిక. కుంభకర్ణునకు ఆరునెలల నిద్ర, ఒకనాటి మెలకువ వ్రాసిన చాలును. కాని హిడింబ విషయమున ఈ పద్ధతియు తడబడును. అన్న పంపగా పాండవులను చంపవచ్చి, భీముని వలచి, కుంతి యనుమతితో కోడలైన దానికి ఎట్లు చచ్చునను గడి యెందులకు? అట్టిచోట రెండు వాక్యములు అధికముగా వ్రాయుటకు వెనుదీయరాదు.

ఆమె కొడుకు ఘటోత్కచుడు తెలుగువారికి బంధువువంటివాడు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ఎస్. వి. రంగారావు ఆ పాత్ర ధరించినప్పటినుండి మరింత దగ్గరివాడు. వానికి చీటి వ్రాయుట సులభమనిపించును: మాయలు, రాత్రివేళ రెట్టింపగు బలము, విందుభోజనము. కాని వానిని చంపినది కర్ణునియొద్దనున్న ఇంద్రదత్తమైన శక్తి. అది ఒక్కసారికే పనిచేయును, కర్ణుడు దానిని అర్జునునకై దాచుకొనెను. ఆ ఒకటి యను అంకె చీటిపై లేకున్న, తక్కిన అంకెలెన్నియున్నను పదునాలుగవనాటి రాత్రియుద్ధమున కృష్ణుడెందులకు సంతోషించెనో ఆడుచున్న పిల్లలకు బోధపడదు.