ఎముకలు ఏరుకునే రోజు

"మీ నాన్నగారికి స్నానం ఎవరు చేయించారు?" అని అడిగాడు ఆఫీసులో నా పక్క క్యూబులో కూర్చునే యూదు పెద్దాయన. మా దగ్గర ఆరునెలలుండి పోదామని న్యూజెర్సీ వచ్చిన నాన్న, ఆ చలికాలంలోనే పోయారు. పరామర్శించిన వాళ్ళెవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. "ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు గాని నాకే ఎక్కడో గుచ్చుకుంది.

వాళ్ళలో ఆ పనికి "హెవ్రా కదిషా" అని ఒక బృందం ఉంటుంది. మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు నీళ్ళు పోసి, జేబుల్లేని తెల్లబట్టలు కడతారు. పోయినవాడు తిరిగి ఏమీ ఇచ్చుకోలేడు కనక అంతకన్న నిజమైన ఉపకారం లేదంటారు. ఆ తెల్లబట్టకీ ఒక కథ ఉంది. ఒకప్పుడు అంత్యక్రియల ఖర్చు చావుకన్న భారమై, బంధువులు శవాన్ని వదిలేసి పారిపోయేవారట. అప్పుడు పెద్ద గురువైన రబ్బాన్ గమలియేలు, తనని మామూలు నారబట్టల్లోనే తీసుకెళ్ళమన్నాడని తాల్ముదు చెబుతుంది. ఆయనే అలా వెళ్ళాక మిగతావాళ్ళకి నామోషీ ఏముంది? మన పెద్దకర్మ భోజనాలకి అప్పులు చేసేవాళ్ళకి ఎవరైనా ఈ కథ చెబితే బాగుండును.

ఆ పెద్దాయన పుణ్యమా అని చదవడం మొదలుపెట్టాను. యూదులంటే పాతిపెట్టేవాళ్ళు, మనం కాల్చేవాళ్ళం, ఇంకేం పోలిక అనుకునేవాణ్ణి. కాని క్రీ.పూ. 1వ శతాబ్దం చివరినుంచి, క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని కూల్చేదాకా, యెరూషలేములో కలిగినవాళ్ళ ఆచారం వేరు. (లేనివాళ్ళకి మామూలు గొయ్యే.) కొండరాతిలో తొలిచిన గదిలో శవాన్ని అరుగుమీదో, గూట్లోనో పడుకోబెట్టి, గుమ్మానికి రాయి అడ్డం పెట్టేవారు. ఏడాది తరవాత కొడుకు వెళ్ళి, మిగిలిన ఎముకలు ఏరి సున్నపురాతి పెట్టెలో సర్దేవాడు. పెట్టెకి పొడవెంతంటే తొడ ఎముకంత. అన్నిటికన్న పొడవైనది పడితే మిగతావన్నీ పడతాయి కదా! పక్కన పేరు గీసేవారు. 1990లో దొరికిన ఒక పెట్టెమీద కయప పేరుంది. అది యేసుని విచారించిన ప్రధానయాజకుడి కుటుంబానిదే అని చాలామంది పండితుల నమ్మకం.

చదువుతూ చదువుతూ మిష్నాలో ఒకచోట ఆగిపోయాను. పండగ నడిమి రోజుల్లో తల్లిదండ్రుల ఎముకలు ఏరవచ్చా అన్నది ప్రశ్న. ఏరవచ్చు, అది అతనికి సంతోషం కనక, అంటాడు రబ్బీ మెయిరు. కాదు, దుఃఖమే, అంటాడు రబ్బీ యోసే. యెరూషలేము తాల్ముదు ఇద్దరినీ కలిపినట్టుంటుంది. ఆ రోజంతా శోకం, మర్నాడు ఆనందం, పెద్దలకి తీర్పునుంచి విశ్రాంతి దొరికింది కనక.

దూరదేశాల్లో పోయినవాళ్ళ సంగతో? ఇప్పటి ఉత్తర ఇరాకులోని అడియబీను రాణి హెలెనా యూదుమతం పుచ్చుకుంది. ఆమె ఎముకల్ని, కొడుకువాటిని యెరూషలేముకి పంపించారని జోసీఫస్ రాశాడు. 1902లో అక్కడే దొరికిన పెట్టెమీద, ద్వారాలు చేయించిన అలెగ్జాండ్రియా నికనోరు పేరుంది. అంటే అస్థికలు సొంత గడ్డకి మోసుకెళ్ళడం మన ఎన్నారైలు కనిపెట్టింది కాదన్నమాట.

అందరికీ మోసుకెళ్ళడం కుదరదు. 1654లో బ్రెజిల్ నుంచి 23 మంది యూదులు న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో, అంటే ఇవాల్టి న్యూయార్కులో, దిగారు. మరుసటేడే శ్మశానానికి స్థలం కొనుక్కుంటామని అర్జీ పెట్టారు. ఇంకా ఎవరూ పోలేదుగా, అవసరం వచ్చినప్పుడు చూద్దాం అన్నారు డచ్చివాళ్ళు. 1656లో ఊరిబయట కాస్త నేల ఇచ్చారు. సొంత ప్రార్థనామందిరం కట్టుకున్నది 1730లో. మనం గుడితో మొదలుపెట్టాం. చావు గురించి అర్జీ పెట్టాలన్న ఆలోచన నాకైతే నాన్న పోయేదాకా రాలేదు.

ఇక్కడ దహనం తరవాత మిగిలిన ఎముకల్ని యంత్రంలో పొడిచేసి డబ్బాలో పోసి ఇస్తారు. దాన్నే సూట్‌కేసులో పెట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. కోటిలింగాల రేవులో పురోహితుడు సంచి విప్పి, "ఎముకలేవి బాబూ?" అన్నాడు. అంతా బూడిదే. ఏరడానికేమీ లేదు. పిడికిళ్ళతో తీసి గోదావరిలో వదిలాను. గట్టెక్కాక విపరీతమైన ఆకలి వేసింది. పక్క హోటల్లో ఇడ్లీలు రెండు ప్లేట్లు తిని, ఒళ్ళు తేలికై, అలా తేలికైనందుకు సిగ్గుపడ్డాను. రబ్బీ మెయిరు అప్పటికి నాకు తెలీదు.

తిరిగొచ్చాక ఆఫీసులో పెద్దాయన దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"నీళ్ళలో ఎవరు కలిపారు?"

"నేనే" అన్నాను.