త్రువోంగ్ సన్ అడవులలో సైకిలు

వియత్నాం, లావోస్ దేశాల సరిహద్దు వెంబడి ఉత్తర దక్షిణాలుగా సుమారు 1,100 కిలోమీటర్ల పొడవున ఒక పర్వతశ్రేణి సాగుతున్నది. వియత్నాం ప్రజలు దానిని త్రువోంగ్ సన్ అంటారు. పొడవైన కొండలని అర్థం. వాలులపై దట్టమైన అడవులు, వాటి నడుమ సున్నపురాతి గుట్టలు, గుట్టలను చుట్టుకొని పోయే ఎర్రమట్టి కాలిబాటలు ఉన్నవి. లావు టైర్లు, కుదుపునాపే స్ప్రింగులు గల కొండ సైకిళ్ళపై ఈ బాటలలో ప్రయాణించుటకు ఇటీవల దూరదేశాలనుండి సాహసికులు వస్తున్నారు. దారి ప్రక్కన వారికి గుండ్రని నీటిగుంటలు కనిపిస్తాయి. కొన్నింటిలో గ్రామస్థులు చేపలు పెంచుకుంటున్నారు. ఇవి 1973కు పూర్వం బాంబులు పడి ఏర్పడిన గోతులు. లావోస్ పల్లెలలో బాంబుల తొడుగులను ఇంటి స్తంభాలుగాను, కంచె గుంజలుగాను పాతుకున్నారు.

సాహసికుల సైకిళ్ళకు ఎంతో ముందే ఈ అడవులలోనికి వేరొక రకపు సైకిలు వచ్చినది. దానిని తొక్కినవారు లేరు. ప్రక్కన నడుస్తూ నెట్టినారు. దాని చరిత్ర ఈ కొండలకు ఉత్తరాన, లావోస్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న దియన్ బియన్ ఫూ లోయలో ప్రసిద్ధికెక్కినది.

1953 నవంబరులో ఫ్రెంచి సేనలు ఆ లోయలో విమానాలనుండి దిగి కోట కట్టుకున్నవి. చుట్టూ కొండలు, అడవి. రోడ్లు లేని ఆ ప్రదేశానికి శత్రువు పెద్ద సైన్యాన్ని తెచ్చినా దానికి తిండి పెట్టలేడని ఫ్రెంచి సేనానులు తలచినారు. ఆ తలపు నిరాధారమైనది కాదు. ఒక మనిషి కావడిమీద 25 కిలోల బియ్యం మోయగలడని, దినానికి ఒక కిలో తింటాడని అనుకొందాం. పోవుటకు పది దినాలు, తిరిగి వచ్చుటకు పది దినాలు పడితే 20 కిలోలు అతని కడుపుకే సరి. సైనికునికి దక్కేది 5 కిలోలు. దారి ఇంకొక మూడు దినాలు పెరిగితే దక్కేది సున్న.

అదే మనిషి 200 కిలోలు తీసుకొని పోగలిగితే తన 20 కిలోలు తాను తిని 180 కిలోలు అప్పగిస్తాడు. అనగా 36 రెట్లు. వో న్గుయెన్ జియాప్ నాయకత్వంలోని వియత్ మిన్ సేనలకు సైకిలు చేసిన ఉపకారం ఇదే. లారీలు, గుర్రాలు, పడవలు, రెండు లక్షలకు పైబడిన కూలీ జనంతోపాటు దాదాపు 20,000 సైకిళ్ళు ఆ పనిలో పాల్గొన్నవి. వాటిలో చాలా భాగం ఫ్రాన్సులో తయారైనవే. 1954 మార్చి 13న ముట్టడి ఆరంభమయినది. మే 7న ఫ్రెంచి కోట లొంగిపోయినది.

సైకిలును ఇందుకు సిద్ధం చేసిన తీరు గమనింపదగినది. పెడళ్ళతోగాని గొలుసుతోగాని పనిలేదు. చట్రానికి కర్రలు, ఇనుప కడ్డీలు కట్టి బలపరచినారు. హాండిలుకు ఒక ప్రక్కగా పొడవైన వెదురు కర్ర బిగించినారు. సీటు వెనుక మరొక కర్రను నిలువుగా నాటినారు. నెట్టేవాడు ఒక చేత వెదురును పట్టి దారి మళ్ళిస్తాడు, రెండవ చేత నిలువుకర్రను పట్టి బండి ఒరగకుండా చూస్తాడు. మీటలో చేయి పొడవైనకొద్దీ బలం తక్కువ చాలునను పాఠం ఇక్కడ కనిపిస్తుంది. ట్యూబు చుట్టూ పాత గుడ్డలు చుట్టి టైరును గట్టి చేసినారు. సాధారణంగా 200 కిలోలు, ఒక్కొక్కప్పుడు 300 దాటి కూడా బరువు వేసినారు.

ఇంత బరువును ఒక మనిషి ఎట్లు కదపగలడు? భుజంమీది బరువును కండరాలు అనుక్షణం ఎత్తి పట్టవలెను. చక్రంమీది బరువును నేల మోస్తుంది. మనిషి చెల్లించవలసినది దొర్లుటలోని నిరోధం మాత్రమే. గట్టి మట్టిబాటపై ఇది బరువులో 3 శాతం అనుకొంటే, సైకిలుతో కలిసి 220 కిలోలకు కావలసిన తోపు ఏడు కిలోల బరువుకు సమానం. ఎగుడు వచ్చినప్పుడు కథ మారుతుంది. పదడుగులకు ఒక అడుగు లేచే వాలుపై మరొక 22 కిలోలు కలుస్తాయి. అందుచేత చడావులలో ఇద్దరు ముగ్గురు తాళ్ళు కట్టి లాగేవారు. దిగుడులో వెనుకనుండి తాళ్ళతో ఆపేవారు. బురద అయితే సమతలంమీదనే నిరోధం అనేక రెట్లు పెరుగుతుంది. ఈ బురద సంగతి తరువాత మరల వస్తుంది.

అంతకు పన్నెండేళ్ళ క్రితం, 1941 డిసెంబరులో మలయాలో దిగిన జపాను సేనలు కూడ సైకిళ్ళను వాడినవి. 70 దినాలలో అవి సింగపూరును పట్టుకొన్నవి. కాని ఆ దేశంలో బ్రిటిషువారు వేసిన మంచి రోడ్లు ఉండేవి. తెలుగు కూలీలు వేలాదిగా పనిచేసిన రబ్బరు తోటలకు సయితం బండిదారులు ఉండేవి. కనుక జపాను సైనికులు సైకిళ్ళను తొక్కుకుంటూనే పోయినారు. వియత్నాం సైకిలుకు రోడ్డే అక్కరలేదు. అడుగున్నర వెడల్పు బాట చాలును. అంత సన్నని బాటకై చెట్లు కొట్టనక్కరలేదు కనుక పైనుండి చూచే విమానానికి అడవి అడవిగానే కనిపిస్తుంది. సైకిలు బరువు మోయగా, ఆ సైకిలును అడవి దాచినది.

1954 జెనీవా ఒప్పందంతో వియత్నాం 17వ అక్షాంశం వద్ద రెండుగా చీలినది. ఒప్పందం అమలును పర్యవేక్షించిన అంతర్జాతీయ సంఘానికి భారతదేశం అధ్యక్షత వహించినది. అయిననూ దేశం ఒకటి కాలేదు. 1959 మేలో ఉత్తర వియత్నాం ప్రభుత్వం దక్షిణానికి మనుషులను, ఆయుధాలను రహస్యంగా పంపుటకు ఒక దళాన్ని ఏర్పరచినది. విభజనరేఖ వద్ద కాపలా ఉండుటచేత బాట త్రువోంగ్ సన్ పర్వతాలకు పడమరగా, లావోస్ అడవులలోనికి మళ్ళినది. ప్రపంచం దానిని హో చి మిన్ బాట అన్నది. మొదట నడక, పిదప సైకిలు, 1965 నాటినుండి ముఖ్యంగా లారీ. బాట పెరిగి కొమ్మలు వేసి చివరకు 16,000 కిలోమీటర్లు దాటినది. లారీలు వచ్చినా సైకిలు పూర్తిగా పోలేదు. 1967లో అమెరికా సెనేటు విదేశాంగ సంఘం ఎదుట హారిసన్ సాలిస్‌బరీ అను పాత్రికేయుడు ఈ సైకిళ్ళను గురించి వివరింపగా, వంతెనలకు మారుగా సైకిళ్ళమీదనే బాంబులు వేయరాదా అని అధ్యక్షుడు ఫుల్‌బ్రైట్ అడిగినాడట. సభలో నవ్వులు పుట్టించిన ప్రశ్నయే కావచ్చును. కాని దానికి జవాబు చెప్పుట తేలిక కాదు.

బాటను పట్టుకొనలేకపోయినందున యుద్ధం అడవిమీదికి తిరిగినది. 1962 నుండి 1971 వరకు అమెరికా విమానాలు ఆకురాల్చే రసాయనాలను 7 కోట్ల లీటర్లకు పైగా చల్లినవి. వానిలో ఎక్కువ భాగం దక్షిణ వియత్నాంలో, కొంత లావోస్ అడవులలో పడినది. ఏజెంట్ ఆరెంజ్ అను ద్రవంలో కల్తీగా ఉండిన డయాక్సిన్ మట్టిలో చిరకాలం నిలుస్తుంది. లావోస్ సరిహద్దునానుకొని ఉన్న ఆ లువోయి లోయలోని ఒక పాత సైనిక స్థావరం మట్టిలోను, అక్కడి చెరువు చేపల కొవ్వులోను 1990ల దశకంలో కూడా అది కనబడినది.

1967 నుండి 1972 వరకు మరొక ప్రయోగం రహస్యంగా జరిగినది. వర్షకాలపు మేఘాలలో సిల్వర్ అయొడైడ్ రేణువులను వెదజల్లినారు. మంచుబిందువుకన్న చల్లబడినా గడ్డకట్టని నీటితుంపరలు ఈ రేణువుల చుట్టూ గడ్డకట్టి, బరువెక్కి, వానగా పడతాయి. బాటను బురద చేయుట దీని ఉద్దేశం. చక్రానికి బురద ఎట్టి శత్రువో యుద్ధశాఖవారికి తెలియును. అదనంగా ఎంత వాన కురిసినదో తేల్చుట కష్టమే. కాని ఈ విషయం బయటపడిన పిమ్మట వాతావరణాన్ని ఆయుధంగా వాడుటను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 1977లో సంతకాలకు వచ్చినది.

అన్నిటికన్న మించినది బాంబుల వాన. 1964–1973 నడుమ లావోస్‌పై 20 లక్షల టన్నులకు పైగా బాంబులు పడినవి. వానిలో గుత్తిబాంబులు విచ్చుకొని చిమ్మిన చిన్న బాంబులు 27 కోట్లని అంచనా. ఒక్కొక్కటి టెన్నిసు బంతి పరిమాణం. నూటికి 30 వరకు పేలకుండానే మట్టిలో దిగిపోయినవి. పిల్లలు వీటిని ఆటబంతులనుకొని చేతపట్టి ప్రాణాలు, అవయవాలు పోగొట్టుకున్నారు. పొలం దున్నుటలో, వంటకై నేలమీద నిప్పు చేయుటలో పేలినవి అనేకం.

ఈ నేలపై 2015లో ఇద్దరు స్త్రీలు సైకిళ్ళపై సాగినారు. ఒకరు అమెరికాకు చెందిన కొండ సైకిలు పందేల విజేత రెబెక్కా రష్. రెండవవారు వియత్నాం సైకిలు క్రీడాకారిణి హుయెన్ న్గుయెన్. రష్ తండ్రి అమెరికా వైమానిక దళంలో పనిచేస్తూ 1972 మార్చి 7న ఈ బాటపై బాంబుదాడికి వచ్చి లావోస్‌లోని త ఓయ్ వద్ద విమానం కూలి మరణించినాడు. అప్పటికి ఆమె పసిబిడ్డ. ఉత్తరాన ఆరంభించి దాదాపు 1,900 కిలోమీటర్లు పోయిన ఆ ప్రయాణంలో ఆమె విమానం కూలిన చోటిని చేరుకున్నది. చనిపోయిన వైమానికులను తన తండ్రియే పూడ్చినాడని ఆ గ్రామస్థుడొకడు ఆమెకు చెట్టు క్రింద స్థలం చూపినాడు. తమ ఊరిమీద బాంబులు వేయవచ్చిన వానికి వారు గోరీ కట్టినారు. ఈ ప్రయాణం 2017లో "బ్లడ్ రోడ్" అను చిత్రంగా వచ్చినది. పేలని బాంబులను తొలగించే పనికి ఆమె అప్పటినుండి విరాళాలు సేకరించినది.

ఆ పని మెల్లగా సాగుతుంది. లోహాన్ని పసిగట్టే పరికరంతో నేలను గజం గజం వెదకి, మ్రోగినచోట మట్టిని చేతితో తవ్వి చూడవలెను. తుపాకిగుండు తునకకు, చిన్న బాంబుకు పరికరం ఒకే విధంగా మ్రోగుతుంది. సోదా కాని అడవిలో సైకిలుపై పోయేవారికి స్థానికులు చెప్పే నియమం ఒక్కటే: జనం నడచి అరిగిన బాటను విడువరాదు. టైరు పంచరయినా, నీడకై నిలిచినా, ఆ అడుగున్నర వెడల్పు మట్టిమీదనే.