కన్ను కదిలితే మనసు కుదుటపడేనా?

వాన పడితే రాయలసీమలో పండగే. మబ్బుకేసి చూసి చూసి మెడలు పట్టేసిన నేల కదా మనది! అలాంటిది, కర్నూలు పాతబస్తీలో రాత్రిపూట పెద్ద చినుకు పడిందంటే చాలు, దిగ్గున లేచి కూచునే ఇల్లాళ్ళు ఉన్నారు. బియ్యం మూట అటకెక్కించాలా, పిల్లల్ని మిద్దె మీదికి తోలాలా అని వాళ్ళకు గుండె దడ.

కారణం 2009 అక్టోబరు 2. ఆ ఏడు దేశమంతటా వానలు బాగా తక్కువ. తీరా సీజను చివర్లో ఒక్కసారిగా కురిసేసరికి తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరి మీద పడ్డాయి. గాంధీ జయంతి నాడు జనం మిద్దెలెక్కి, తమ ఇల్లు తమ కళ్ళ ముందే మునుగుతుంటే చూస్తూ నిలబడ్డారు. నీళ్ళు తీశాక ఇళ్ళలోని బురదను ఎత్తిపోశారు. మరి మనసులో పేరుకున్న బురదో?

అప్పటి కడప జిల్లాలోనూ అంతే. 2021 నవంబరు 19, కార్తీక పున్నమి. చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట, నందలూరు ప్రాంతపు పల్లెల్ని ఏరు ఊడ్చుకుపోయింది. ఇక కక్షల కాలంలో భర్తను పోగొట్టుకున్నవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. దీపావళి టపాకాయకి కూడా ఉలిక్కిపడతారు.

దీనికి మన పెద్దవాళ్ళు 'దడుపు' అని ఎప్పుడో పేరు పెట్టారు. తాయెత్తు కట్టించేవారు, దిష్టి తీసేవారు, దర్గాకి తీసికెళ్ళేవారు. నవ్వకండి! 'నీకేదో అయింది, నీ వెనక మేమున్నాం' అని పదిమంది చెప్పడం చిన్న మందా?

పెద్ద దేశాలవాళ్ళూ ఆలస్యంగానే మేలుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి మోతలకు వణికిపోయిన సిపాయిల గురించి, 1915లో చార్లెస్ మయర్స్ అనే బ్రిటిషు డాక్టరు 'షెల్ షాక్' అంటూ రాశాడు. చాలామంది వాళ్ళను పిరికిపందలన్నారు. 1980లో గాని అమెరికా మానసిక వైద్యులు దానికి 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అని పేరుపెట్టి జబ్బుల పట్టీలో చేర్చలేదు.

ఇక్కడే మన కథానాయిక ప్రవేశిస్తుంది. ఫ్రాన్సిన్ షాపిరో ఇంగ్లీషు సాహిత్యంలో పరిశోధన చేస్తున్నావిడ. 1979లో కాన్సరు రావడంతో, మనసుకీ ఒంటికీ ఉన్న లంకె ఏమిటో చూద్దామని దారి మార్చుకుంది. 1987లో ఓరోజు కాలిఫోర్నియాలో ఒక పార్కులో నడుస్తుంటే, తనను బాధపెడుతున్న ఆలోచనల వాడి తగ్గినట్టనిపించింది. ఏం చేశానబ్బా అని గమనించుకుంటే, కళ్ళు అటూ ఇటూ చకచకా కదులుతున్నాయట. ఇరవై ఇద్దరి మీద పరీక్షించి 1989లో ఆ వివరాలు ప్రచురించింది. అదే పెరిగి పెరిగి 'ఇ.ఎం.డి.ఆర్.' అనే చికిత్స అయింది.

ఇందులో ఎనిమిది అంచెలున్నాయి. ముందు వైద్యులు మన కథ విని, మనసును నిలదొక్కుకోవడం నేర్పుతారు. ఆ తర్వాతే అన్నిటికన్నా భయపెట్టిన దృశ్యాన్ని తలచుకోమంటారు. తలచుకుంటూనే, వాళ్ళు కుడికీ ఎడమకీ ఆడించే వేళ్ళను కళ్ళతో వెంబడించాలి. కొన్ని క్షణాలయ్యాక ఆపి, 'ఇప్పుడేం తోస్తోంది?' అంటారు. మళ్ళీ మొదలు. జ్ఞాపకం చెరిగిపోదు, దాని కోర మాత్రం ఊడుతుంది.

కళ్ళు తిప్పడంలో ఏముంది, చెప్పుకోవడంలోనే ఉంది గుణమంతా అని వాదించే పండితులూ ఉన్నారు. ఆ తగాదా ఇంకా తెగలేదు. కొందరు చెప్పే కారణం మాత్రం మనకిట్టే అర్థమవుతుంది. పొయ్యి మీద పాలు, చంకలో చంటిది, ఎదురుగా చాకలిపద్దు ఉంటే ఏ ఒక్కదాని మీదా మనసు పూర్తిగా నిలవదు గదా! అలాగే వేళ్ళను వెంబడిస్తున్న మనసు ఆ దృశ్యాన్ని పూర్తి రంగుల్లో పట్టుకోలేదు. అలా వెలిసిన బొమ్మే మళ్ళీ లోపల దాచుకుంటుందట. మన అవ్వలు విసురురాయి తిప్పుతూ కడుపులో దుఃఖాన్ని పాటగా పాడుకున్నది కూడా ఇందుకేనేమో! ఇది నా ఊహ మాత్రమే, శాస్త్రం కాదు.

1997లో పాలిన్ తుపాను మెక్సికోలోని అకపుల్కోను ముంచేశాక, లూసీనా ఆర్టీగాస్ అనే ఆమె అక్కడి పిల్లలకు చేతులు రొమ్ము మీద అడ్డంగా వేసుకుని రెండు భుజాలూ మార్చి మార్చి తట్టుకోవడం నేర్పింది. దాన్ని 'సీతాకోకచిలుక కౌగిలి' అంటారు. 2001 జనవరి 26 భూకంపం తర్వాత ఈ విద్య మన గుజరాతుకీ వచ్చింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ చికిత్సను సిఫారసు చేసింది.

అలాగని ఇంట్లో కూచుని సొంతంగా కళ్ళు తిప్పుకోకండి! మానుతున్న పుండును తెలియని చేత్తో కెలికినట్టవుతుంది. నేర్చినవారి దగ్గరే చేయించుకోవాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే, 2022లో ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

ఈసారి అర్ధరాత్రి వానకి అత్తగారో, తోడికోడలో లేచి కూచుంటే, 'ఎన్నేళ్ళయిందీ, ఇంకా అదేనా!' అని కసరకండి. దీపం వేసి పక్కన కూచోండి. చికిత్సలో మొదటి అంచె వినడమే. అందుకు ఏ డిగ్రీ అక్కర్లేదు.