ప్రాచీన గ్రీకు, రోమన్ నాణేల సేకరణ

గ్రీకు నగరాలు, రాజ్యాలు, రోమన్ గణతంత్రం, రోమన్ సామ్రాజ్యం వేసిన నాణేలను వాటి మీది బొమ్మల కోసం, రాతల కోసం పోగుచేసే అలవాటుకు సుమారు రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది. సేకర్తల చూపు మొదట నాణెం మీది ముఖాల మీద నిలిచింది. తర్వాత బొరుసు మీదికి, ఆ తర్వాత ముద్ర వేసిన అచ్చు మీదికి, చివరికి నాణెం దొరికిన నేల మీదికి మళ్లింది. నాణేల శాస్త్రం ఈ క్రమంలోనే ఎదిగింది. నేల మీదికి చూపు మళ్లడానికి పట్టిన ఆలస్యంలో తిరిగి సంపాదించలేని సమాచారం చాలా పోయింది.

నాణేల మీది బొమ్మలు

నేటి టర్కీ పశ్చిమ భాగంలోని లిడియా రాజ్యంలో క్రీ.పూ. 7వ శతాబ్దంలో నాణేలు పుట్టాయి. బంగారం, వెండి సహజంగా కలిసి ఉండే ఎలెక్ట్రం అనే లోహపు ముద్దల మీద సింహం తల ముద్రించేవారు. ఎఫెసస్‌లోని ఆర్టెమిస్ ఆలయ పునాదుల్లో 1904-05లో బ్రిటిష్ మ్యూజియం జరిపిన తవ్వకాల్లో ఇలాంటివి బయటపడ్డాయి. ఈ పద్ధతి త్వరలోనే గ్రీకు నగరాలకు పాకింది. కింది అచ్చు మీద లోహపు బిళ్లను ఉంచి, పై అచ్చును దాని మీద ఆనించి సుత్తితో కొట్టేవారు. అందుకే ఒకే అచ్చులో పుట్టిన రెండు నాణేలు కూడా అచ్చం ఒకేలా ఉండవు. ఒకదానిలో బొమ్మ అంచు దాటిపోతుంది, ఇంకొకదానిలో గురి సరిగ్గా కుదురుతుంది.

ప్రతి నగరం తన గుర్తును ఎంచుకుంది. ఈజినాది సముద్రపు తాబేలు, కోరింత్‌ది రెక్కల గుర్రం పెగాసస్, ఎఫెసస్‌ది తేనెటీగ, దక్షిణ ఇటలీలోని మెటపోంటంది బార్లీ కంకి. ఉత్తర ఆఫ్రికా తీరంలోని సైరీన్ తనకు సిరులు కురిపించిన సిల్ఫియం మొక్కను వేసుకుంది. మందుగానూ వంటలోనూ వాడిన ఆ మొక్క ప్రాచీన కాలంలోనే కనుమరుగైంది. అది ఎలా ఉండేదో ఊహించడానికి నేటి వృక్షశాస్త్రజ్ఞులు ముఖ్యంగా ఈ నాణేల మీదే ఆధారపడుతున్నారు.

వీటన్నిటిలో ప్రసిద్ధమైనది ఏథెన్స్ వెండి నాణెం, టెట్రాడ్రాక్మ్. బరువు సుమారు 17.2 గ్రాములు. ఒకవైపు ఎథీనా దేవత తల, రెండో వైపు ఆమె గుడ్లగూబ, ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక. లారియన్ గనుల వెండి దీనికి ఆధారం. క్రీ.పూ. 483 ప్రాంతంలో అక్కడ కొత్తగా దొరికిన వెండిని యుద్ధనౌకలకు ఖర్చు పెట్టమని ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లిస్ పౌరులను ఒప్పించాడు. ఆ నౌకలే క్రీ.పూ. 480లో సలామిస్ వద్ద పారశీకులను ఓడించాయి. ఈ గుడ్లగూబకు ఎంత నమ్మకం దక్కిందంటే, శిల్పకళ ఎంత ముందుకు పోయినా ఏథెన్స్ తన నాణెం మీద పాత తరహా ముఖాన్ని చాలాకాలం మార్చలేదు. మారిస్తే దూరదేశపు వర్తకులు తీసుకోరన్న భయమే దీనికి కారణమని నాణేల పండితులు చాలామంది భావిస్తారు.

కళ పరంగా అగ్రస్థానం సిసిలీలోని సిరక్యూజ్‌ది. క్రీ.పూ. 400 ప్రాంతంలో అక్కడ వెలువడిన డెకాడ్రాక్మ్‌లు సుమారు 43 గ్రాముల భారీ వెండి నాణేలు. డాల్ఫిన్లు చుట్టూ తిరిగే జలదేవత తల, రెండో వైపు పరుగు తీసే నాలుగు గుర్రాల రథం. వీటి అచ్చులు చెక్కిన కైమన్, యుఐనెటస్ తమ పేర్లను నాణెం మీదే చెక్కుకున్నారు. ప్రాచీన ప్రపంచంలో అచ్చు చెక్కిన పనివాడి పేరు మనకు తెలియడం చాలా అరుదు.

బతికున్న మనిషి ముఖం నాణెం మీదికి మెల్లగానే వచ్చింది. అలెగ్జాండర్ వెండి నాణేల మీద సింహచర్మం కప్పుకున్న హెరాక్లిస్, గద్దెనెక్కిన జ్యూస్ ఉంటారు. అలెగ్జాండర్ ముఖాన్ని, అమ్మోన్ దేవుడి పొట్టేలు కొమ్ముతో సహా, ఆయన మరణం తర్వాత లైసిమాకస్ అనే సేనాని విస్తృతంగా ముద్రించాడు. రోమ్‌లో క్రీ.పూ. 211 ప్రాంతంలో డెనారియస్ అనే వెండి నాణెం మొదలైంది. దాన్ని వేయించే యువ అధికారులు తమ వంశకీర్తిని దాని మీదికి ఎక్కించారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ తన ముఖాన్నే వేయించుకున్నాడు. బతికున్న రోమన్ ఒకరి ముఖం రోమ్ టంకశాల నాణెం మీద కనబడడం అదే మొదలు. రెండేళ్లు గడిచేసరికి ఆయన్ను చంపిన బ్రూటస్ తన ముఖాన్నీ, రెండో వైపు రెండు బాకుల నడుమ స్వేచ్ఛకు గుర్తయిన టోపీని, కింద హత్య జరిగిన మార్చి 15 పేరునీ ముద్రించాడు. చరిత్రకారుడు కాసియస్ డియో ఈ నాణేన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాడు. రాజుల పాలన వద్దని కత్తి పట్టినవాడు రాజులాగే ముఖం వేయించుకోవడం ఆ కాలపు రోమ్‌ను ఎంత పుస్తకమైనా చెప్పలేనంత సూటిగా చెబుతుంది.

చక్రవర్తుల కాలంలో బొరుసు ప్రభుత్వ ప్రకటనగా మారింది. ఓస్టియా రేవు, యూదయా విజయం, క్రీ.శ. 80లో ప్రారంభమైన కొలోసియం, కొత్త వారసుడు, పంచిన ధాన్యం, అన్నీ దాని మీదికెక్కాయి. లోహం మాత్రం పలచబడుతూ వచ్చింది. 64లో నీరో చక్రవర్తి వెండి పాలు తగ్గించాడు. 3వ శతాబ్దం చివరి భాగానికి వెండి నాణెం పేరుకే వెండి, నిజానికి వెండి పూత పూసిన రాగి.

ముఖాల కాలం

పాత నాణేలను దాచి పంచిన తొలి వ్యక్తుల్లో అగస్టస్ చక్రవర్తి ఒకడు. శాటర్నేలియా పండుగకు ఆయన ఇచ్చే కానుకల్లో పాత రాజుల నాణేలు, విదేశీ నాణేలు ఉండేవని రోమన్ రచయిత సూటోనియస్ రాశాడు. ట్రాజన్ చక్రవర్తి కాలంలో గణతంత్రపు పాత డెనారియస్‌ల బొమ్మలను తిరిగి ముద్రించారు. అంటే టంకశాల వారికి ఆ పాత నాణేలు అందుబాటులో ఉన్నాయి.

ఆధునిక సేకరణ ఇటలీ కవి పెట్రార్క్‌తో మొదలవుతుంది. రోమ్ పరిసరాల్లో పొలాల్లో దొరికిన నాణేలను రైతులు ఆయన దగ్గరికి తెచ్చి అమ్మేవారు. 1354లో మాంటువాలో పవిత్ర రోమన్ సామ్రాజ్య పాలకుడు నాలుగో చార్లెస్‌ను కలిసినప్పుడు ప్రాచీన రోమన్ చక్రవర్తుల ముఖాలున్న బంగారు, వెండి నాణేలు కొన్ని ఆయనకు కానుకగా ఇచ్చి, వీరిలా పాలించమని కోరాడు. పెట్రార్క్‌కు నాణెం నీతి బోధించే చిత్రపటం. తర్వాత రెండు శతాబ్దాల పాటు ఈ దృష్టే రాజ్యమేలింది. 1517లో రోమ్‌లో ఆండ్రియా ఫుల్వియో నాణేల మీది ముఖాలను వరుసగా అచ్చువేసి పుస్తకం తెచ్చాడు. 16వ శతాబ్దం నడుమ హుబర్ట్ గోల్ట్‌సియస్ ఐరోపా దేశాలు తిరిగి తాను చూసిన వందలాది సేకర్తల పేర్లను జాబితాగా ప్రకటించాడు. పాపులు, రాజులు, వైద్యులు, వర్తకులు అందరూ అందులో ఉన్నారు.

గిరాకీ పెరిగాక నకిలీలు వచ్చాయి. పాడువా నగరంలో జొవాన్ని కవినో రోమన్ కంచు నాణేల తీరులో అద్భుతంగా అచ్చులు చెక్కాడు. ఆయన మోసానికే చేశాడో, కళగా చేశాడో అనే చర్చ నేటికీ ఉంది. 19వ శతాబ్దపు జర్మన్ కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ విషయంలో ఆ సందేహం లేదు. కొత్తగా కొట్టిన నాణేలను ఇనుప రజనుతో కలిపి పెట్టెలో పెట్టి, బండికి కట్టి తిప్పి వాటికి పాతదనం తెచ్చేవాడు. వందలాది అచ్చులు చెక్కిన అతని పనితనం ఎంతటిదంటే, అతని నకిలీలను కూడా నేడు విడిగా సేకరిస్తారు.

బొరుసు, అచ్చు

ముఖాల మోజు నుంచి నాణేలను బయటికి తెచ్చినవాడు వియన్నా రాజ సేకరణ అధిపతి యోసెఫ్ ఎకెల్. 1792 నుంచి 1798 వరకు వెలువడిన ఆయన ఎనిమిది సంపుటాల గ్రంథం గ్రీకు నాణేలను భూగోళం ప్రకారం అమర్చింది. స్పెయిన్‌లో మొదలై మధ్యధరా సముద్రం చుట్టూ తిరిగే ఆ వరుసనే మ్యూజియాల సొరుగులు నేటికీ అనుసరిస్తాయి. సేకరణను శాస్త్రంగా మార్చిన అడుగు ఇదేనని ఈ వ్యాసకర్త నమ్మకం. ఊరి పక్కన ఊరు పెట్టి చూసినప్పుడే పొరుగు నగరాల బరువులు, దేవతలు, పొత్తులు కంటికి ఆనుతాయి.

ఆ తర్వాత సంస్థలు వచ్చాయి. వైద్యుడు విలియం హంటర్ జీవితమంతా కూడబెట్టిన నాణేలు గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చేరాయి. లండన్‌లో 1836లో, న్యూయార్క్‌లో 1858లో నాణేల సంఘాలు పుట్టాయి. బ్రిటిష్ మ్యూజియం గ్రీకు నాణేల సూచికలు 1873 నుంచి, రోమన్ సామ్రాజ్య నాణేల ప్రామాణిక సంపుటాలు 1923 నుంచి వెలువడ్డాయి.

19వ శతాబ్దం చివర స్విస్ సేకర్త ఇమ్‌హూఫ్-బ్లూమర్ వంటివారు అచ్చుల పోలికను శ్రద్ధగా చూడడం మొదలుపెట్టారు. అచ్చుకు కాలక్రమాన పగులు పడుతుంది, ఆ పగులు పెరుగుతూ పోతుంది. పై అచ్చు ముందే పాడై మారిపోతే కింది అచ్చు కొనసాగుతుంది. ఈ గొలుసును పట్టుకుంటే తేదీ లేని నాణేలను కూడా వరుసలో పెట్టవచ్చు. ఎన్ని అచ్చులు వాడారో అంచనా కట్టి, ఒక నగరం ఎంత డబ్బు ముద్రించిందో ఊహించవచ్చు. దీనికోసం ఇమ్‌హూఫ్-బ్లూమర్ వేల నాణేలకు ప్లాస్టర్ అచ్చులు తీయించుకున్నాడు.

భారతదేశంలో

గ్రీకు నాణేల సేకరణ ఒక మరుగున పడ్డ చరిత్రనే వెలికితీసిన చోటు మన ఉపఖండం. బ్రిటిష్ అధికారి జేమ్స్ టాడ్ 1820లలో మినాండర్, అపొల్లోడోటస్ అనే ఇండో-గ్రీకు రాజుల నాణేలను ప్రకటించాడు. 1830లలో యాత్రికుడు చార్లెస్ మాసన్ కాబూల్ దగ్గరి బెగ్రాంలో వేల సంఖ్యలో నాణేలు పోగుచేశాడు. వాటిలో చాలావాటికి ఒకవైపు గ్రీకు, మరోవైపు ఖరోష్ఠి లిపి. ఒకే పేరు రెండు లిపుల్లో ఉండడం ఆసరాగా పండితుడు జేమ్స్ ప్రిన్సెప్ తదితరులు ఖరోష్ఠిని చదివారు. అగథోక్లిస్ అనే రాజు నాణేల మీద వాసుదేవ కృష్ణుడు, బలరాముడు కనిపిస్తారు. ఇవి 1970లో ఆఫ్ఘనిస్తాన్‌లోని ఐ-ఖానూంలో దొరికాయి.

తెలుగు నేలకు రోమన్ నాణేలు వ్యాపారంతో వచ్చాయి. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుండగా నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక కుండ, అందులో ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టినాల బంగారు నాణేలు. రైతు వాటిని బంగారం ధరకు అమ్మేశాడు. చాలావరకు కరిగిపోగా, ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమ్రా ముప్పైకి పైగా దక్కించుకున్నాడు. కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తుండగా, కొన్ని అరిగి, కొన్నిటికి రంధ్రాలుండడం చూసి వాటిని నగలుగా ధరించి ఉంటారని నాటి మద్రాసు అధికారి అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రాశాడు. కాసులపేరు ఎరిగిన మనకు అది సహజంగానే తోస్తుంది.

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైగా వెండి డెనారియస్‌లు ఒకేచోట దొరికాయి. దాదాపు అన్నీ అగస్టస్, టైబీరియస్‌లవే. దక్షిణ భారతంలో దొరికిన నాణేల్లో కొన్నిటికి చక్రవర్తి ముఖం మీదుగా ఉలి గాటు ఉంటుంది. లోపలి లోహం పరీక్షించడానికని కొందరు, పరాయి రాజు గుర్తు చెరపడానికని కొందరు వివరిస్తారు. శాతవాహన రాజులు కొందరు తమ ముఖంతో వేయించిన వెండి నాణేల్లో ఈ పాశ్చాత్య ప్రభావమే పశ్చిమ క్షత్రపుల ద్వారా చేరింది.

దొరికిన నేల

20వ శతాబ్దంలో పండితులు లంకెబిందెను మొత్తంగా చూడడం నేర్చారు. ఏ నాణెం దేనితో కలిసి దొరికింది, చివరిది ఎప్పటిది అన్నది తెలిస్తే యుద్ధం, భయం, వర్తక మార్గం బయటపడతాయి. విడదీసి అమ్మేస్తే అదంతా పోతుంది. 1992లో ఇంగ్లండ్‌లోని హాక్స్‌న్‌లో ఒక వ్యక్తి పోయిన సుత్తి కోసం లోహశోధక యంత్రంతో వెతుకుతూ రోమన్ నిధిని కనుగొన్నాడు. అతను వెంటనే కబురుచేసి తవ్వడం ఆపడం వల్ల దాదాపు 15,000 నాణేలను శాస్త్రీయంగా వెలికితీయగలిగారు. 1996లో ఆ దేశం కొత్త నిధుల చట్టాన్ని తెచ్చింది. 2010లో ఆ దేశంలోనే ఫ్రోమ్ దగ్గర ఒకే కుండలో 52,503 నాణేలు దొరికాయి.

మరోవైపు దొంగ తవ్వకాలు ఆగలేదు. 1984లో టర్కీలోని ఎల్మలి దగ్గర అక్రమంగా తవ్వి దేశం దాటించిన సుమారు 1,900 నాణేల నిధి, సుదీర్ఘ న్యాయపోరాటం తర్వాత 1999లో తిరిగి వెళ్లింది. అందులో అత్యంత అరుదైన ఏథెన్స్ డెకాడ్రాక్మ్‌లు ఉన్నాయి. 2020లో లండన్ వేలంలో సుమారు 42 లక్షల డాలర్లు పలికిన బ్రూటస్ బంగారు నాణెం పూర్వ యాజమాన్య పత్రాలు తప్పుడువని తేలి, 2023లో దాన్ని గ్రీస్‌కు అప్పగించారు. భారతదేశంలో 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో నిధి దొరికినవారు జిల్లా కలెక్టర్‌కు తెలపాలి. 1972 పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన నాణేలను దేశం దాటించడాన్ని నిషేధించింది.