గడ్డి ఎవరిది? మన మెట్టలో మేత హక్కు కథ

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మన తండాల చరిత్ర అనగానే అందరూ ఎద్దులు, ఉప్పు మూటలు అంటారు. ఆ ఎద్దులు ఎవరి గడ్డి తిన్నాయి అని మాత్రం అడగరు. నాకు మన చరిత్ర అంతా ఆ ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది.

బందరు నుంచి గోల్కొండకు పోయే పాత బాట మన పెనుగంచిప్రోలు మీదుగానే పోయేది. 17వ శతాబ్దంలో ఈ దేశం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే బంజారా బిడారుల గురించి రాశాడు. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులు ఉండేవట. ఎదురుపడితే అవి దాటేదాకా బాటసారులు రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. ఒక్కసారి లెక్క వేయండి. పది వేల ఎద్దులకు ప్రతి సాయంత్రం మేత, నీళ్ళు కావాలి. ఒక మంద మేసిన చోటే మర్నాడు ఇంకో మంద దిగితే రెండూ పస్తే. అంటే ఏ బీడు ఎప్పుడు పచ్చగా ఉంటుంది, ఏ వాగు ఎప్పుడు ఎండుతుంది అన్నది నాయక్‌కు తెలియకుండా బిడారు కదలదు. వానాకాలంలో ప్రయాణం ఆపి మంచి మేత ఉన్న చోట తండా వేసేవాళ్ళు. మనవాళ్ళకు చదువు లేదంటారు గానీ, ఇది చదువు కాదా?

గడ్డి మీద హక్కు గురించి మనలో ఒక కథ ఉంది. షాజహాన్ కాలంలో దక్కన్ దండయాత్రకు ధాన్యం మోసిన భంగీ, జంగీ నాయక్‌లకు ఆసఫ్ ఖాన్ రాగిరేకు రాసిచ్చాడని చెప్పుకుంటారు. అవసరమైతే ఇంటి కప్పు మీది గడ్డి అయినా ఎద్దులకు తీసుకోవచ్చని అందులో ఉందట. కథలో నిజమెంత అన్నది అలా ఉంచండి. తమకు దొరికిన హక్కుల్లో గడ్డిని ముందు వరసలో చెప్పుకున్నారంటే, అది వాళ్ళకు ఎంత ముఖ్యమో చూడండి.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ మన మెట్టలో తెలియనివాళ్ళు లేరు. కరువు వస్తే ఆమె భర్త గోపయ్య ఆలమందను తోలుకుని ఉత్తరాన అడవులకు పోయాడు, అక్కడ పులి వాత పడ్డాడు. భక్తితో వినే కథే అయినా అందులో పాత బతుకు కనబడుతుంది. ఇక్కడ గడ్డి ఎండితే మంద అడవికి పోవాలి. అడవిలో పులి ఉంటుంది. గడ్డి, పశువు, మృగం మూడూ ఒకే లెక్కలో ఉండేవి.

ఈ లెక్కను తెల్లదొరల చట్టాలు మార్చేశాయి. 1871లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి పశువుల అతిక్రమణ చట్టం. పక్క నేలలో మేసిన పశువుకు బందెల దొడ్డి. రెండోది నేరస్థ తెగల చట్టం. దేశంలో చాలాచోట్ల బంజారాల మీద కూడా ఆ ముద్ర వేశారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు, దేశం మొత్తం మీద రద్దయింది 1952లో. పశువు తిరిగితే తప్పు, కాపరి తిరిగితే నేరం. మధ్యలో 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో మేపాలంటే రుసుము కట్టి అనుమతి తీసుకోవాలి. 1889లో బెజవాడ, సికింద్రాబాద్ రైలు కలిసింది. ఎద్దు మీద సరుకు మోసే పని పడిపోయింది. పశువులు పెంచుకుని బతుకుదామంటే గడ్డికి పన్ను.

ఆ పన్నునే పుల్లరి అన్నారు. కృష్ణ అవతల పల్నాడులో 1921లో జనం పుల్లరి కట్టం అని ఎదురు తిరిగారు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. స్కూల్లో ఆయన్ని స్వాతంత్ర్య వీరుడిగా చదివాం. నిజమే. కానీ ఆ పోరాటం మొదలైంది పశువుల మేత దగ్గర అన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత 1967లో సాగర్ నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మన మెట్టకూ వచ్చింది. పత్తి, మిర్చి వచ్చాయి, సుబాబుల్ తోటలు లేచాయి. కూలి దొరికింది, కాదనను. కానీ బీడు తగ్గింది. ఇప్పుడు మేకలు, గొర్రెలు ఉన్నవాళ్ళు వాటిని ఎక్కడికి తోలాలి? చేను దగ్గర రైతు అరుస్తాడు, అడవి దగ్గర గార్డు ఆపుతాడు.

పశువులు పోతే అడవి బాగుపడుతుందనేవాళ్ళు రాజస్థాన్‌లోని భరత్‌పూర్ సంగతి చూడాలి. అక్కడి పక్షుల పార్కులో 1982లో గేదెల మేత ఆపేశారు. గొడవలో పోలీసు కాల్పులు జరిగి జనం చనిపోయారు. తర్వాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్ళు ఏళ్ళ తరబడి పరిశీలించి చెప్పింది ఏమిటంటే, మేసే గేదెలు లేక గడ్డి నీళ్ళను కమ్మేసి పక్షులకే ఇబ్బంది అయింది అని. అలాగని ఎంత మేపినా పరవాలేదని కాదు. హద్దు లేకుండా మేపితే గడ్డి వేరుతో సహా పోతుంది, జింకకూ మేత ఉండదు, మన మేకకూ ఉండదు. మేపడం, ఆపడం రెండూ తెలిసినవాడే కాపరి.

2006 అటవీ హక్కుల చట్టం సరిగ్గా ఇదే మాట అంటుంది. సెక్షన్ 3లో అడవిలో పశువులు మేపుకునే సామూహిక హక్కు ఉంది. సెక్షన్ 5లో అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. చాలామందికి పట్టా ఒక్కటే తెలుసు. సామూహిక హక్కుకు ఫారం-బి వేరే ఉందని తెలియదు. ఇది అటవీ భూమికే వర్తిస్తుంది, పోరంబోకుకు కాదు. అడవి ఆనుకుని, దాని మీద బతికే తండాలు ముందుగా ఆలోచించాలి. పెద్దల మాటను రాతలో పెడితే అదీ సాక్ష్యమే అని రూల్స్‌లో ఉంది. దానికి తోడు ఇంకో సాక్ష్యం చూపాలి.

అందుకే ఒక్క పని అడుగుతున్నా. సెలవులకు తండాకు పోయినప్పుడు మంద తోలిన పెద్దల దగ్గర కూర్చోండి. ఏ నెలలో ఏ గట్టుకు తోలేవాళ్ళు, ఏ చోటును ఎన్నాళ్ళు వదిలేసేవాళ్ళు, ఎక్కడ నీళ్ళు పెట్టేవాళ్ళు, ఏ జంతువులు కనబడేవి, అన్నీ ఊరి పేర్లతో, తేదీతో రాసుకోండి. వాళ్ళు పోతే ఆ సాక్ష్యమూ పోతుంది, ఆ విద్యా పోతుంది. రాసినవి ఈ గ్రూపులో పెట్టండి, అందరం కలిపి చూద్దాం.