ఎవరి తాలూకు? - స్లావుల ఇంటిపేర్ల వెనక కథ

సాఫ్టువేరు ఫీల్డులో నాలుగేళ్ళు గడిపిన ప్రతివాళ్ళకీ ఎక్కడో ఒకచోట ఒక పెత్రోవో, కొవాల్చుకో, నొవాకో తగిలే ఉంటారు. అంతకుముందే మనలో చాలామందికి ఈ పేర్లు ఇంట్లో పుస్తకాల బీరువాలో పరిచయం. ఒకప్పుడు గోర్కీ, టాల్‌స్టాయ్, చెహోవ్‌ల తెలుగు అనువాదాలు మాస్కోలో అచ్చయి వచ్చేవి, విశాలాంధ్ర వాళ్ళ దగ్గర కారుచవగ్గా దొరికేవి. అవి చదివిన వాళ్ళెవర్నడిగినా ఒకటే ఫిర్యాదు: కథ బావుంటుంది గానీ ఆ పేర్లే ఓ పట్టాన గుర్తుండి చావవు!

కిటుకంతా ఆ పేర్ల తోకల్లో ఉంది. ఓవ్, ఇన్, స్కీ, ఎన్కో, ఇచ్. ఈ తోకల సంగతి తెలిస్తే పేర్లు గుర్తుండటమే కాదు, ఆ దేశాల చరిత్ర కూడా సగం తెలిసినట్టే.

ముందు కాస్త వ్యాకరణం (భయపడకండి, రెండే ముక్కలు). పెత్రోవ్ అంటే 'ప్యోత్ర్‌ది', అంటే పీటర్ తాలూకు అని అర్థం. పేరు హల్లుతో ముగిస్తే ఓవ్ లేదా ఎవ్ చేరుతుంది. 'ఆ'తో ముగిస్తే ఇన్. అలా ఇవాన్ నుంచి ఇవానోవ్, నికీతా నుంచి నికీతిన్ వచ్చాయి. మన షష్ఠీ విభక్తి లాంటిదన్నమాట. మన ఊళ్ళో అరుగు మీద కూర్చున్న పెద్దాయన కొత్తగా కనిపించిన కుర్రాణ్ణి "ఎవరి తాలూకురా అబ్బాయ్?" అని అడుగుతాడు చూశారూ, పాతకాలపు రష్యాలో కూడా సరిగ్గా అదే ప్రశ్న: "నువ్వు ఎవరివాడివి?" రష్యన్ ఇంటిపేరు దానికి జవాబు.

ఇంతకీ ఆ ప్రశ్న అడిగేదెవరు? నాకు ఆసక్తి కలిగించింది ఇదే. అరుగు మీది పెద్దాయన అడిగితే ఒక రకం పేరు. పన్ను వసూలు చేసేవాడో, జమీందారో, ప్రభుత్వమో అడిగితే ఇంకో రకం పేరు.

మొదట ఊరి జనం పెట్టిన పేర్లు చూద్దాం. వీటిలో వృత్తిపేర్లు ఎక్కువ. ఇనుమును సాగగొట్టడానికి స్లావిక్ భాషల్లో 'కొవ్' అనే ధాతువు ఉంది. అందులోంచి పోలండులో కొవాల్‌స్కీ, ఉక్రెయిన్లో కొవాలెన్కో, కొవాల్చుక్, సెర్బియా, క్రొయేషియాల్లో కొవాచెవిచ్, చెక్ దేశంలో కొవార్, రష్యాలో కుజ్నెత్సోవ్ వచ్చాయి. అందరూ కమ్మరి వాళ్ళే! గొంచరోవ్ కుమ్మరి వారబ్బాయి. పొపోవ్ పూజారిగారబ్బాయి (అక్కడి ఆర్థొడాక్స్ పూజారులు పెళ్ళిళ్ళు చేసుకుంటారు లెండి).

ఆ తర్వాత ఊరు పేరే ఇంటిపేరయిన వాళ్ళు. ఇది మనకి వేరే చెప్పక్కర్లేదు, మన ఇంటిపేర్లలో ఊళ్ళ పేర్లకి కొదవేముంది! ఊరి పేరుకి స్కీ తగిలిస్తే సరిపోతుంది. దొస్తొయేవ్‌స్కీ పూర్వీకులది ఇప్పటి బెలారస్‌లో ఉన్న దొస్తొయెవో అనే ఊరు.

ఇక ఎక్కిరింపు పేర్లు. టాల్‌స్టాయ్ అంటే లావాటివాడు. గోర్బచేవ్ పూర్వీకుడెవరో గూనివాడు. క్రుశ్చేవ్ పేరులో ఉన్నది ఒక పేడపురుగు లాంటి పురుగు. మెద్వెదేవ్‌లో ఎలుగుబంటి ఉంది. ఊరివాళ్ళ నోట్లో పడితే జార్ చక్రవర్తి కూడా కాపాడలేడు.

నాకు బాగా నచ్చింది నొవాక్. అర్థం 'కొత్తోడు'. ఎక్కణ్ణించో వలసొచ్చి ఊళ్ళో దిగినవాడికి జనం పెట్టిన పేరు. చెక్, పోలండ్, స్లొవేనియా, ఈ మూడు దేశాల్లోనూ అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లలో ఇదే మొదటిది. తరాలు గడిచినా వాళ్ళింకా 'కొత్తోళ్ళే'! బే ఏరియాలోనో డల్లాస్‌లోనో ఇల్లు కొనుక్కుని ఇరవయ్యేళ్ళయినా "అసలు మీదెక్కడ?" అని అడిగించుకునేవాళ్ళకి ఈ పేరు మీద కాస్త అభిమానం కలగాలి మరి.

మరో రకం ఉంది. నెక్రాసోవ్ అంటే 'అందంగాడు కానివాడి' కొడుకు. పూర్వం పసిపిల్లలు దక్కేవాళ్ళు కాదు. దిష్టి తగలకుండా, మృత్యువు కన్ను పడకుండా కావాలనే చెడ్డపేరు పెట్టేవాళ్ళు. మన దగ్గర పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే పెంటయ్య అనో, పుల్లయ్య అనో, తవుడు అనో పేరు పెట్టలేదూ? మాస్కో పల్లెలో తల్లికీ, శ్రీకాకుళం పల్లెలో తల్లికీ ఒకరి మొహం ఒకరికి తెలీదు. భయం మాత్రం ఒకటే.

ఇంతవరకూ ఊరి సంగతి. ఇప్పుడు కలం చేతులు మారుతుంది.

రష్యన్లు పెద్దవాళ్ళని ఇంటిపేరుతో కాక తండ్రిపేరు కలిపి పిలుస్తారు: ఇవాన్ పెత్రోవిచ్, ఆన్నా పెత్రోవ్నా. ఇవాళ అందరికీ ఉన్న ఈ 'విచ్' ఒకప్పుడు అందరికీ ఉండేది కాదు. అది గొప్పింటివాళ్ళకీ, జార్ దయతలిచినవాళ్ళకీ మాత్రమే. మామూలు మనిషి 'ఇవాన్, పెత్రోవ్ కొడుకు' అని రాయించుకోవాలి. 18వ శతాబ్దంలో కేథరీన్ రాణి దీన్నొక పద్ధతిలో పెట్టింది. సర్కారీ కాగితాల్లో మొదటి అయిదు ర్యాంకుల అధికారులకి 'విచ్', ఆరు నుంచి ఎనిమిది దాకా 'ఓవ్', తొమ్మిది నుంచి కింద వాళ్ళకి ఉత్త పేరు. తండ్రిపేరు చెప్పుకోడానికి కూడా పర్మిషన్ లెవెల్స్ అన్నమాట!

అంతకుముందే, 1718లో, పీటర్ చక్రవర్తి తలపన్ను పెట్టాడు. పన్ను వెయ్యాలంటే తలలు లెక్కపెట్టాలి. లెక్కపెట్టాలంటే ఒక ఇవాన్‌కీ ఇంకో ఇవాన్‌కీ తేడా తెలియాలి. చాకిరీలో మగ్గే రైతులకి మాత్రం చాలాకాలం ఖాయమైన ఇంటిపేరే అక్కర్లేకపోయింది, ఫలానా దొరగారి మనిషంటే చాలు. 1861లో సుమారు 2 కోట్ల 30 లక్షలమంది వెట్టిరైతులకి విముక్తి వచ్చాక, వాళ్ళలో చాలామంది పేర్లు కాగితాల మీద స్థిరపడ్డాయి. ఆ సందర్భంలో కొందరికి పాత దొర పేరే ఇంటిపేరుగా అంటుకుంది.

ఆ వెట్టిలో పుట్టినవాడే ఉక్రెయిన్ మహాకవి తరాస్ షెవ్‌చెన్కో. పేరుకర్థం 'చెప్పులు కుట్టేవాడి బిడ్డ'. 1838లో కళాకారులు ఒక బొమ్మని లాటరీలో పెట్టి, 2,500 రూబుళ్ళు దొరకి కట్టి ఆయన్ని విడిపించారు. 1861లో విముక్తి చట్టం మీద జార్ సంతకం పెట్టిన వారం రోజులకే ఆయన చనిపోయాడు. దొర పేరు ఇవాళ ఎవరికి గుర్తుంది? చెప్పులు కుట్టేవాడి బిడ్డ పేరు కీవ్‌లో విశ్వవిద్యాలయానికి ఉంది.

ప్రభువుల ఇళ్ళల్లో పెళ్ళికాకుండా పుట్టిన పిల్లల సంగతి ఇంకా విడ్డూరం. తండ్రి పేరు పూర్తిగా ఇవ్వకుండా తల నరికి ఇచ్చేవాళ్ళు. త్రుబెత్‌స్కోయ్ ప్రభువు కొడుకు బెత్‌స్కోయ్. రెప్నిన్ ప్రభువు కొడుకు ప్నిన్. మనం సబ్‌స్ట్రింగ్ తీసినట్టు! ఆ ఇవాన్ బెత్‌స్కోయే తర్వాత పెద్ద అధికారై, 1764లో మాస్కోలో అనాథ శిశువుల కోసం పెద్ద ఆశ్రమం నెలకొల్పాడు. ఆ పని ఆయనే ఎందుకు తలకెత్తుకున్నాడో నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఆడవాళ్ళ మాటకొస్తే, పెత్రోవ్ భార్య పెత్రోవా, కూతురూ పెత్రోవా. చెక్ భాషలో నొవాక్ భార్య నొవాకోవా. వ్యాకరణం ప్రకారం మళ్ళీ అదే జవాబు: 'నొవాక్ తాలూకు మనిషి'. చెక్ దేశంలో 2022 జనవరి నుంచి ఏ కారణమూ చూపించకుండా ఈ తోక వద్దనుకునే హక్కు ఆడవాళ్ళకొచ్చింది. తోక తీసేస్తే భాష పాడవుతుందని కొందరు, నేనెవరి సొత్తూ కాదని కొందరు. ఈ వాదన తేల్చడం భాషాశాస్త్రానికి సాధ్యమయ్యే పని కాదు.

ఇదంతా చిన్న విషయం, పేరులో ఏముంది అనుకునేవాళ్ళకి బల్గేరియా కథ చెప్పాలి.

1984 డిసెంబరు నుంచి 1985 మార్చి దాకా, నాలుగే నెలల్లో, అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం 8 లక్షలకు పైగా టర్కీ జాతి పౌరుల పేర్లు బలవంతంగా మార్చేసింది. సైన్యం ఊళ్ళను చుట్టుముట్టేది. ఇచ్చిన జాబితాలోంచి ఒక స్లావ్ పేరు ఎంచుకుని సంతకం పెట్టాలి. ఎదురు తిరిగినవాళ్ళు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు, కొందరు బెలెనె ద్వీపంలో ఖైదీలయ్యారు. బల్గేరియాలో మనిషి పూర్తిపేరులో తండ్రిపేరు కూడా ఒక భాగం కదా, అందుకని రిజిస్టర్లలో చనిపోయిన తండ్రుల పేర్లు కూడా మార్చారు. మన భాషలో చెప్పాలంటే కాస్కేడ్ అప్‌డేట్. సమాధుల దాకా వెళ్ళిన కాస్కేడ్.

వాళ్ళలో నయీం సులేమానోవ్ అనే కుర్రాడున్నాడు, ప్రపంచస్థాయి వెయిట్‌లిఫ్టరు. అతన్ని 'నౌమ్ షలమనోవ్'గా మార్చారు. 1986 డిసెంబరులో మెల్‌బోర్న్ పోటీలకి వెళ్ళినప్పుడు అక్కణ్ణించి తప్పించుకుని టర్కీ చేరాడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అతను టర్కీ తరఫున ఆడటానికి ఒప్పుకున్నందుకు బల్గేరియాకి టర్కీ పది లక్షల డాలర్లకు పైగా కట్టిందంటారు. సియోల్‌లో 60 కేజీల విభాగంలో మొత్తం 342.5 కేజీలెత్తి స్వర్ణం గెలిచాడు. ఆ తర్వాత 1992లో, 1996లో కూడా. అప్పుడతని పేరు నయీం సులేమానొగ్లూ.

గమనించారా? సులేమానోవ్‌లో 'ఓవ్', సులేమానొగ్లూలో 'ఒగ్లూ'. రెండిటి అర్థం ఒకటే, సులేమాన్ కొడుకు. మొదటి పేరులో తోక స్లావులదైనా, తండ్రి అతనివాడే. మధ్యలో అంటగట్టిన షలమనోవ్‌లోనే తండ్రి లేడు.

1989 వేసవిలో 3 లక్షలమందికి పైగా టర్కీకి వలసపోయారు. ఆ నవంబరులో నియంత జీవ్‌కోవ్ పదవి ఊడింది. 1990లో పాత పేర్లు తిరిగి తీసుకునే చట్టం వచ్చింది.

ఇంటిపేరు వంశపారంపర్యంగా వచ్చిన మన ఆస్తి అనుకుంటాం. స్లావుల ఇంటిపేర్లు చూశాక నాకర్థమైందేంటంటే, ఆ పేర్లలో చాలా భాగం పక్కవాడో పైవాడో రాసినవే. ఎక్కిరించినవాడు రాసిందాన్ని గోర్బచేవ్‌లు మోశారు, నవ్వుకున్నారు, తమది చేసుకున్నారు. తుపాకీ పట్టుకుని రాయించినదాన్ని మాత్రం అయిదేళ్ళు కాగానే విసిరికొట్టారు.

మనం రోజూ ఫారాలు, టేబుళ్ళు డిజైన్ చేసేవాళ్ళం. మూడు డబ్బాలు గీసి ప్రపంచంలో అందరి పేర్లూ అందులో ఇమడాలంటాం. పెత్రోవ్ కూతురు పెత్రోవా అంటే స్పెల్లింగ్ తప్పనుకుంటాం, ఇంటిపేరు ముందు రాసే తెలుగువాడి పేరు తిరగేస్తాం. కాబట్టి ఈసారి ఆ పేరు ఫీల్డుకి వాలిడేషన్ రాసేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. "ఎవరి తాలూకు?" అని ఇప్పుడు అడుగుతున్నది మనమే.