మాత్ర మింగాక ఏమవుతుంది?

మాత్ర నోట్లో వేసుకుని గ్లాసుడు నీళ్లు తాగేస్తే మన పని అయిపోయిందనుకుంటాం. ఆ తర్వాత ఒంట్లో దాని సంగతేమిటని జీవితమంతా ఆరా తీసిన గెర్‌ట్రూడ్ ఎలియన్ అంటే నాకు మహా గౌరవం.

ఆవిడ 1918లో న్యూయార్కులో పుట్టింది. 15వ ఏట తాతగారు కడుపులో కాన్సరుతో పోవడం చూసి రసాయనశాస్త్రం పట్టుకుంది. 1937లో డిగ్రీ పుచ్చుకుని ఉద్యోగాలకి తిరిగితే, ఒకచోట ఆడపిల్ల ఉంటే లాబొరేటరీలో మగవాళ్ల ధ్యాస చెదురుతుందన్నారట! 1944లో గానీ బరోస్ వెల్‌కమ్ కంపెనీలో జార్జి హిచింగ్స్ దగ్గర తగిన పని దొరకలేదు.

అక్కడ రక్త కాన్సరుకి మెర్కాప్టోప్యూరిన్ అనే మందు చేసింది. దానికే ముసుగు తొడిగితే అజాథయోప్రిన్ అయింది. ఒంట్లోకి వెళ్లాక ముసుగు జారి అసలు మందు బయటపడుతుంది. పరాయి అవయవాన్ని ఒళ్లు తోసెయ్యకుండా ఆపుతుంది. 1962లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం, రక్తసంబంధం లేని మనిషి మూత్రపిండాన్ని ఈ మందు సాయంతోనే నిలబెట్టింది.

ఒంట్లో ఒక ఎంజైము మెర్కాప్టోప్యూరిన్‌ని విరిచేస్తుంది. ఆ ఎంజైముకి అడ్డుపడేది అల్లోప్యూరినాల్. అదీ ఆవిడ, హిచింగ్స్ కలిసి తెచ్చిందే. తర్వాత గౌటు నొప్పులకి మందయింది. అందుకే అజాథయోప్రిన్ వాడే మనిషికి గౌటు మందు కూడా ఇవ్వాల్సొస్తే, మొదటిదాని మోతాదు బాగా తగ్గిస్తారు. లేకపోతే మందు ఒంట్లో పేరుకుని ప్రాణం మీదికొస్తుంది.

పిహెచ్‌డి పూర్తి చెయ్యని ఆవిడకి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. 1999లో కన్నుమూసింది. ఈసారి డాక్టరుగారు "ఇంకేం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగితే విసుక్కోకండి. అన్నీ చెప్పండి.